యూనిట్ – 14: ఛాతీలోని అరుదైన కణితుల నిర్ధారణ – స్వల్ప ఛేదన బయాప్సీ పద్ధతులు

విషయక్రమం

14.0 ఉద్దేశాలు
14.1 ఉపోద్ఘాతం
14.2 కణితి ఉన్న చోటు ఏమి చెబుతుంది?
14.3 సూది పట్టుకునే ముందు
14.4 బయాప్సీ పద్ధతులు
14.5 నమూనా సేకరించిన తరువాత
14.6 ముగ్గురు రోగులు – మూడు దారులు
14.7 ఒక అపోహ
14.8 సారాంశం
14.9 పదకోశం
14.10 ‘మీ ప్రగతిని సమీక్షించుకోండి’ – సమాధానాలు
14.11 మాదిరి పరీక్షా ప్రశ్నలు

14.0 ఉద్దేశాలు

ఈ యూనిట్‌ను చదివిన తరువాత మీరు:

• ఛాతీలో కణితి ఉన్న చోటును బట్టి అది ఏ రకానిదై ఉండవచ్చో ఊహించగలుగుతారు;
• బయాప్సీకి ముందు చేయవలసిన పరీక్షలను, వాటి అవసరాన్ని వివరించగలుగుతారు;
• పెద్ద కోత లేకుండా కణజాలాన్ని సేకరించే ముఖ్యమైన పద్ధతులను పోల్చగలుగుతారు;
• సేకరించిన నమూనాను భద్రపరచడంలో జరిగే పొరపాట్లను గుర్తించగలుగుతారు.

14.1 ఉపోద్ఘాతం

ముగ్గురు రోగులను ఊహించుకోండి. మొదటివాడు 22 సంవత్సరాల యువకుడు. నెల రోజులుగా దగ్గు, ఉదయం లేచేసరికి ముఖం ఉబ్బి ఉంటుంది, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. రెండవ వ్యక్తి 48 సంవత్సరాల గృహిణి. సాయంత్రమయ్యేసరికి ఆమె కనురెప్పలు వాలిపోతాయి, అన్నం నమలడానికి దవడలు సహకరించవు. మూడవవాడు 28 సంవత్సరాల కూలీ. రొమ్ములో బరువు, ఆయాసం, రెండు నెలల్లో బాగా చిక్కిపోయాడు. ముగ్గురికీ ఎక్స్-రే తీస్తే రొమ్ము ఎముక వెనుక, గుండెకు పైభాగాన, ఒకే రకమైన నీడ కనిపించింది.

నీడ ఒకటే కాబట్టి చేయవలసిన పని కూడా ఒకటేనా? ముగ్గురికీ సూది గుచ్చి ముక్క తీయవలసిందేనా? కాదు. ఒకరికి మెడ దగ్గర ముక్క తీస్తే చాలు. ఒకరికి ముందుగా ముక్క తీయవలసిన అవసరమే ఉండకపోవచ్చు. మరొకరికి రక్తపరీక్షే దాదాపు తీర్పు చెబుతుంది. ఎవరికి ఏది అన్న సంగతి 14.6లో తెలుస్తుంది. అక్కడికి చేరేలోపు మీరే ఊహించి ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

జీవించి ఉన్న వ్యక్తి శరీరం నుంచి కొద్ది కణజాలాన్ని తీసి సూక్ష్మదర్శిని కింద పరీక్షించడాన్ని బయాప్సీ అంటారు. ఈ పదాన్ని 1879లో ఫ్రెంచి చర్మవైద్యుడు ఎర్నెస్ట్ బెస్నియే ప్రవేశపెట్టాడు. ఒకప్పుడు ఛాతీ లోపలి కణితి ముక్క కావాలంటే ఛాతీని తెరవడం తప్ప దారి ఉండేది కాదు. 1897లో జర్మనీలో గుస్తావ్ కిలియన్ గొట్టం ద్వారా శ్వాసమార్గంలోకి చూశాడు. 1910లో స్వీడన్‌కు చెందిన యాకోబియస్ ఛాతీ కుహరాన్ని దర్శినితో పరిశీలించే పద్ధతిని ప్రకటించాడు. 1959లో అదే దేశానికి చెందిన కార్లెన్స్ మీడియాస్టినోస్కోపీని వివరించాడు. 1960ల చివర జపాన్‌లో షిగెతో ఇకెడా వంగే బ్రాంకోస్కోపును తెచ్చాడు. 1970లలో సి.టి. స్కానింగ్, ఈ శతాబ్దం మొదట్లో శ్వాసనాళం లోపలి నుంచి చేసే అల్ట్రాసౌండ్ వచ్చాయి. ఇలా కోత చిన్నదవుతూ వచ్చింది. కోతతోపాటు చేతికి వచ్చే ముక్క కూడా చిన్నదైంది. ఆ చిన్న ముక్క నుంచి పెద్ద నిర్ణయం ఎలా రాబట్టాలన్నదే ఈ యూనిట్‌లోని ముఖ్య విషయం.

14.2 కణితి ఉన్న చోటు ఏమి చెబుతుంది?

ఛాతీలో కుడి, ఎడమ ఊపిరితిత్తుల మధ్య ఉన్న ప్రదేశాన్ని మీడియాస్టినమ్ అంటారు. గుండె, పెద్ద రక్తనాళాలు, వాయునాళం, అన్నవాహిక, థైమస్ గ్రంథి, లింఫ్ కణుపులు ఇందులోనే ఉంటాయి. దీన్ని మూడు గదుల ఇల్లుగా భావించండి.

(అ) ముందు గది: రొమ్ము ఎముకకు, గుండెకు మధ్య ఉన్న భాగం. పెద్దవారిలో ఇక్కడ సాధారణంగా నాలుగు రకాలు కనిపిస్తాయి: థైమస్ కణితులు, లింఫోమాలు, బీజకణ కణితులు, మెడ నుంచి కిందికి దిగిన థైరాయిడ్ వాపు.

(ఆ) మధ్య గది: వాయునాళం, అన్నవాహిక, గుండె ఉన్న భాగం. ఇక్కడ ఎక్కువగా లింఫ్ కణుపుల వాపులు, పుట్టుకతో వచ్చే తిత్తులు కనిపిస్తాయి.

(ఇ) వెనుక గది: వెన్నెముక పక్క భాగం. ఇక్కడ నాడీ కణజాలం నుంచి పుట్టిన కణితులు ఎక్కువ.

ఈ మూడు గదులకు వెలుపల ఊపిరితిత్తులను కప్పి ఉండే ప్లూరా అనే పొర ఉంది. దీనిలో పుట్టే అరుదైన క్యాన్సర్ మీసోథీలియోమా. దీనికి ముఖ్య కారణం ఆస్‌బెస్టాస్ నార పీల్చడం. నార పీల్చిన తరువాత 20 నుంచి 40 సంవత్సరాలకు గాని వ్యాధి బయటపడదు. మన కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో ఒకప్పుడు ఆస్‌బెస్టాస్ తవ్వేవారు. ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకుల కప్పులు నేటికీ మన ఊళ్లలో చూస్తాం. అందువల్ల “ఇప్పుడు ఏం పని చేస్తున్నారు?” అని మాత్రమే కాక, “యౌవనంలో ఏం పని చేసేవారు?” అని కూడా రోగిని అడగాలి.

14.3 సూది పట్టుకునే ముందు

బయాప్సీ గదిలోకి వెళ్లకముందే సగం నిర్ధారణ జరిగిపోవాలి. ఇందుకు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి.

1. అది నిజంగా కణితేనా? రక్తనాళం ఉబ్బి కణితిలా కనిపించవచ్చు. సూది గుచ్చితే ప్రాణాపాయం. అందుకే రక్తనాళాలు స్పష్టంగా కనిపించే మందు ఎక్కించి సి.టి. తీస్తారు. కుక్కలు, గొర్రెల మధ్య తిరిగే పరాన్నజీవి వల్ల వచ్చే హైడాటిడ్ తిత్తి కూడా గుండ్రని నీడగా కనిపిస్తుంది. దాన్ని సూదితో పొడిస్తే లోపలి ద్రవం కారి తీవ్రమైన అలర్జీ రావచ్చు. గొర్రెల పెంపకం ఉన్న ప్రాంతాల రోగుల్లో ఈ సంగతి మరవరాదు.

2. రక్తపరీక్షలు జవాబు చెప్పగలవా? యువకుల్లో ముందు గదిలో కణితి ఉంటే ఆల్ఫా ఫీటోప్రోటీన్, బీటా హెచ్.సి.జి. పరీక్షలు చేయాలి, వృషణాలను కూడా పరీక్షించాలి. కండరాల నీరసం ఉంటే ఎసిటైల్‌కోలిన్ గ్రాహకాలకు వ్యతిరేకంగా ఏర్పడే ప్రతిరక్షకాలను చూడాలి. మయస్థీనియా గ్రావిస్ అనే ఈ నీరసం థైమోమా రోగుల్లో సుమారు మూడో వంతు మందిలో ఉంటుంది. అది ఉన్నట్లు తెలియకుండా మత్తు ఇస్తే శ్వాస కండరాలు తిరిగి పనిచేయక ఇబ్బంది వస్తుంది. వెన్నెముక పక్కన రక్తనాళాలు దట్టంగా ఉన్న కణితి రక్తపోటును పెంచే హార్మోనులను విడుదల చేసేదేమో కూడా ముందే తేల్చుకోవాలి.

3. ఇంతకంటే సులువైన చోటు ఉందా? మెడలో, చంకలో ఉబ్బిన కణుపు ఉంటే లోతైన కణితి జోలికి పోనక్కరలేదు. చేతికి అందే కణుపును వదిలి గుండె పక్కకు సూది పంపడం తెలివైన పని కాదు.

4. రోగి తట్టుకోగలడా? రక్తం గడ్డకట్టే గుణాన్ని చూడాలి. సాధారణంగా ప్లేట్‌లెట్లు 50,000కు పైన, ఐ.ఎన్.ఆర్. 1.5కు లోపు ఉండేలా చూస్తారు. ముందు గదిలో పెద్ద కణితి ఉండి వెల్లకిలా పడుకోలేని రోగికి పూర్తి మత్తు ఇస్తే, కణితి బరువుకు వాయునాళం మూసుకుపోవచ్చు. అటువంటి వారికి కూర్చున్న భంగిమలో, చర్మానికి మాత్రమే మత్తు ఇచ్చి ముక్క తీయడం క్షేమం.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – I

గమనిక: మీ సమాధానాలను విడిగా రాసుకొని, 14.10లోని సమాధానాలతో సరిచూసుకోండి.

1. మీడియాస్టినమ్ ముందు గదిలో పెద్దవారిలో కనిపించే నాలుగు రకాల వాపులు ఏవి?
2. బయాప్సీకి ముందే మయస్థీనియా గ్రావిస్ ఉందో లేదో ఎందుకు తెలుసుకోవాలి?

14.4 బయాప్సీ పద్ధతులు

14.4.1 చర్మం గుండా సూది

సి.టి. లేదా అల్ట్రాసౌండ్ చిత్రాన్ని చూస్తూ ప్రక్కటెముకల మధ్య నుంచి సూదిని కణితిలోకి పంపుతారు. సూదులు రెండు రకాలు. సన్నని సూది (22 నుంచి 25 గేజ్) విడి కణాలను పీలుస్తుంది. కోర్ సూది (18 నుంచి 20 గేజ్) సన్నని దారం వంటి ముక్కను కోసి తెస్తుంది. గేజ్ సంఖ్య పెరిగేకొద్దీ సూది సన్నబడుతుందని గుర్తుంచుకోండి. 18 గేజ్ సూది మందం సుమారు 1.2 మిల్లీమీటర్లు.

ఈ తేడా ఎందుకు ముఖ్యం? విడి కణాలు గోడ నుంచి ఊడిన ఇటుకల వంటివి. ఇటుకను చూస్తే మట్టి రకం తెలుస్తుంది గాని ఇంటి నిర్మాణం తెలియదు. సాధారణ ఊపిరితిత్తుల క్యాన్సర్ వ్యాపించిందా అన్న ప్రశ్నకు ఇటుక చాలు. లింఫోమా, థైమోమా వంటి వాటిలో కణాల అమరికే కీలకం కాబట్టి గోడలో కొంత భాగం కావాలి. హాడ్జ్‌కిన్ లింఫోమాలో అసలైన వ్యాధి కణాలు చాలా తక్కువగా, మామూలు కణాల మధ్య చెల్లాచెదురుగా ఉంటాయి. మీడియాస్టినమ్‌లో పుట్టే పెద్ద బి-కణ లింఫోమాలో నార కణజాలం ఎక్కువ కాబట్టి సన్నని సూదికి కణాలు సరిగా రావు. ఇటువంటి అరుదైన కణితుల్లో కోర్ సూదినే ఎంచుకోవాలి.

ఆచరణలో బయటి సూదిని ఒకసారి మాత్రమే గుచ్చి, దాని లోపలి నుంచి కోర్ సూదిని పలుమార్లు పంపి నాలుగైదు ముక్కలు తీస్తారు. దీనివల్ల ఊపిరితిత్తి పొరకు ఒకే రంధ్రం పడుతుంది. ముందు గది కణితికి రొమ్ము ఎముక అంచు పక్క నుంచి వెళ్తారు. ఆ అంచుకు ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్ల దూరంలో నిలువుగా సాగే రక్తనాళాలను తప్పించుకోవాలి. దారిలో ఊపిరితిత్తి అడ్డు వస్తే కొద్దిగా సెలైన్ ఎక్కించి దాన్ని పక్కకు జరుపుతారు.

ముఖ్యమైన చిక్కు ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం. ఊపిరితిత్తి లోపలి కణితులకు సి.టి. సాయంతో బయాప్సీ చేసినప్పుడు ఇది సుమారు 15 నుంచి 25 శాతం మందిలో కనిపిస్తుంది. వీరిలో చాలామందికి ఆ గాలి తనంతట తానే ఇంకిపోతుంది. కొద్దిమందికే గొట్టం వేయవలసి వస్తుంది. ఊపిరితిత్తిని తాకకుండా వెళ్లే మీడియాస్టినమ్ దారిలో ఈ ప్రమాదం ఇంకా తక్కువ. పరీక్ష తరువాత రోగిని కొన్ని గంటలు గమనించి, ఎక్స్-రే తీసి పంపుతారు.

14.4.2 శ్వాసనాళం గుండా – ఎండోబ్రాంకియల్ అల్ట్రాసౌండ్

దీన్ని వాడుకలో ‘ఈబస్’ అంటారు. వంగే బ్రాంకోస్కోపు కొనకు చిన్న అల్ట్రాసౌండ్ పరికరం అమర్చి ఉంటుంది. నోటి ద్వారా శ్వాసనాళంలోకి దింపి, నాళపు గోడ వెలుపల ఉన్న కణుపులను తెర మీద చూస్తూ 21 లేదా 22 గేజ్ సూదిని వాటిలోకి పంపుతారు. బయట ఎక్కడా కోత ఉండదు. సాధారణంగా రోగి అదే రోజు ఇంటికి వెళ్లవచ్చు.

దీనికి చక్కగా అందేది మధ్య గది. వాయునాళం పక్క కణుపులు, అది రెండుగా చీలే చోటు కింది కణుపులు, ఊపిరితిత్తి మొదట్లోని కణుపులు దీని పరిధిలో ఉంటాయి. ముందు గదిలోని కణితి చాలాసార్లు దీనికి అందదు. అన్నవాహిక గుండా చేసే ఇటువంటి అల్ట్రాసౌండ్ కింది, వెనుక భాగాల కణుపులను చేరుకుంటుంది.

14.4.3 గడ్డకట్టించి తీసే పద్ధతి – క్రయోబయాప్సీ

ఈబస్ సూది చేసిన రంధ్రం గుండా సుమారు 1.1 మిల్లీమీటర్ల మందం ఉన్న సలాకను కణుపులోకి పంపి, వాయువుతో దాని కొనను గడ్డకట్టే చలికి తెస్తారు. వేసవిలో ఐసుపుల్లకు నాలుక అంటుకోవడం మీకు అనుభవమే కదా! అలాగే కణజాలం కొనకు అంటుకుంటుంది. కొన్ని సెకన్ల తరువాత సలాకను బయటికి లాగితే నలగని, పెద్ద ముక్క వస్తుంది.

2021లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 197 మంది రోగులకు సూది పద్ధతి, ఈ పద్ధతి రెండూ చేసి పోల్చారు. మొత్తం మీద సూదితో 79.9 శాతం మందిలో, క్రయోబయాప్సీతో 91.8 శాతం మందిలో నిర్ధారణ జరిగింది. ఇతర చోట్ల నుంచి కణుపులకు పాకిన క్యాన్సర్లలో రెండింటికీ పెద్ద తేడా లేదు. అరుదైన కణితుల్లో మాత్రం సూది ఫలితం 25 శాతం కాగా, క్రయోబయాప్సీ ఫలితం 91.7 శాతం. అరుదైన కణితులున్న రోగుల సంఖ్య తక్కువే అయినా, 14.4.1లో చెప్పిన ఇటుక–గోడ పోలికకు ఇది మంచి నిదర్శనం.

14.4.4 దర్శినితో చూసి తీయడం

ప్లూరాలో నీరు చేరినప్పుడు ముందు ఆ నీటిని తీసి పరీక్షిస్తారు. మీసోథీలియోమాలో నీటిలోని కణాలు చాలాసార్లు తీర్పు చెప్పలేవు. కణితి లోపలి కొవ్వు పొరలోకి చొచ్చుకుపోయిందా అన్నది ముక్కలోనే కనిపిస్తుంది. ఇందుకు థొరాకోస్కోపీ ఉపయోగపడుతుంది. ప్రక్కటెముకల మధ్య చిన్న రంధ్రం చేసి దర్శినిని పంపి, అనుమానం ఉన్న చోటును కంటితో చూసి ముక్కలు తీస్తారు. స్థానిక మత్తుతో, కొద్దిపాటి నిద్రమందుతో దీన్ని చేయవచ్చు.

వీడియో సాయంతో చేసే ఛాతీ శస్త్రచికిత్సకు పూర్తి మత్తు అవసరం. ఒక పక్క ఊపిరితిత్తిని గాలి లేకుండా ఉంచి ఒకటి నుంచి మూడు చిన్న కోతల ద్వారా చేస్తారు. మీడియాస్టినోస్కోపీలో మెడ కింద, రొమ్ము ఎముక పైన రెండు మూడు సెంటీమీటర్ల కోత పెట్టి వాయునాళం పక్క కణుపులను తీస్తారు. సూదితో వచ్చిన ముక్క చాలనప్పుడు వీటి అవసరం వస్తుంది.

14.5 నమూనా సేకరించిన తరువాత

ఎంత నేర్పుగా తీసిన ముక్కయినా తప్పు సీసాలో వేస్తే వృథా. అన్ని ముక్కలనూ ఫార్మలిన్‌లో వేయడం తరచు జరిగే పొరపాటు. సూక్ష్మదర్శిని పరీక్షకు 10 శాతం ఫార్మలిన్ సరైనదే. అయితే అందులో సూక్ష్మజీవులు చనిపోతాయి కాబట్టి క్షయ కల్చర్ పరీక్ష సాధ్యం కాదు. లింఫోమా అనుమానంలో చేసే ఫ్లో సైటోమెట్రీకి బతికి ఉన్న కణాలు కావాలి. అందువల్ల కొన్ని ముక్కలను ఫార్మలిన్‌లో, మరికొన్నింటిని సెలైన్‌లో వేరుగా పంపాలి. బయాప్సీ గదిలోనే నిపుణుడు ఒక స్లయిడును వెంటనే చూసి, సరైన కణజాలం వచ్చిందో లేదో చెప్పే ఏర్పాటు ఉంటే రోగికి రెండోసారి సూది తప్పుతుంది.

ప్రయోగశాలలో ముక్కకు ప్రతిరక్షకాలతో రంగు వేసే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ చేస్తారు. సి.డి.20 బి-కణ లింఫోమాను, కాల్‌రెటినిన్ మీసోథీలియోమాను, స్టాట్6 ప్లూరాలో పుట్టే ఒంటరి నార కణితిని గుర్తించడానికి తోడ్పడతాయి. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క పలుచని పొర ఖర్చవుతుంది. ముక్క చిన్నదైతే పొరలు చాలవు. కాబట్టి రోగి వయసు, లక్షణాలు, స్కానింగ్ వివరాలు, అనుమానిస్తున్న వ్యాధి అభ్యర్థన పత్రంలో రాయాలి. ఏ రంగులు ముందు వేయాలో దాన్నిబట్టే నిర్ణయిస్తారు.

నివేదిక చదివేటప్పుడు రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది, ‘కణితి కణాలు కనిపించలేదు’ అంటే ‘కణితి లేదు’ అని అర్థం కాదు. సూది సరైన చోటును తాకకపోయి ఉండవచ్చు. రెండవది మన దేశానికి మరీ ముఖ్యం. ప్రపంచంలోని క్షయ రోగుల్లో సుమారు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. నివేదికలో ‘గ్రాన్యులోమా’ అన్న మాట కనబడగానే క్షయ మందులు మొదలుపెట్టడం మనకు అలవాటు. అయితే హాడ్జ్‌కిన్ లింఫోమాలో, సెమినోమా అనే బీజకణ కణితిలో కూడా గ్రాన్యులోమాలు ఏర్పడతాయి. క్షయ క్రిములు ఉన్నట్లు రుజువు కాకుండా, మందులు వాడుతున్నా కణితి పెరుగుతుంటే, మళ్లీ పెద్ద ముక్క తీసి చూడవలసిందే. అలాగే బయాప్సీకి ముందే స్టెరాయిడ్లు ఇస్తే లింఫోమా తాత్కాలికంగా కరిగి నిర్ధారణ తారుమారు కావచ్చు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – II

3. లింఫోమా నిర్ధారణకు సన్నని సూది కంటే కోర్ సూది ఎందుకు మేలు?
4. అన్ని ముక్కలనూ ఫార్మలిన్‌లో వేస్తే వచ్చే నష్టమేమిటి?

14.6 ముగ్గురు రోగులు – మూడు దారులు

ఇప్పుడు మీరు రాసి పెట్టుకున్న కాగితం తీయండి.

22 సంవత్సరాల యువకుడి ముఖం ఉబ్బడానికి కారణం తల నుంచి రక్తాన్ని గుండెకు చేర్చే పెద్ద సిర నొక్కుకుపోవడం. పడుకుంటే ఊపిరాడదు కాబట్టి పూర్తి మత్తు ప్రమాదం. మెడ తడిమి చూస్తే కాలర్ ఎముక పైన ఒక కణుపు తగిలింది. కూర్చోబెట్టి అల్ట్రాసౌండ్ సాయంతో అక్కడి నుంచే కోర్ ముక్కలు తీశారు. లింఫోమా అని తేలింది. దీనికి మందులే చికిత్స. ఛాతీ తెరిచి కణితిని తీసి ఉంటే ప్రయోజనం లేకపోగా అపాయం కలిగేది.

48 సంవత్సరాల గృహిణి రక్తంలో ఎసిటైల్‌కోలిన్ గ్రాహకాల ప్రతిరక్షకాలు ఉన్నాయి. సి.టి.లో కణితి చిన్నదిగా, అంచులు స్పష్టంగా, చుట్టుపక్కలకు పాకకుండా ఉంది. ఇది థైమోమా అనడానికి ఆధారాలు బలంగా ఉన్నాయి, పూర్తిగా తీయడానికీ వీలుంది. ఇటువంటప్పుడు ముందుగా బయాప్సీ చేయకుండా, కండరాల నీరసాన్ని మందులతో అదుపులోకి తెచ్చి, కణితిని దాని పొరతో సహా తీయడం అంగీకృతమైన పద్ధతి. కణితి పెద్దదై చుట్టుపక్కలకు పాకి ఉంటే మాత్రం ముందు కోర్ బయాప్సీ, ఆ తరువాత మందులు, తరువాత శస్త్రచికిత్స అనే క్రమం పాటిస్తారు.

28 సంవత్సరాల కూలీ రక్తంలో ఆల్ఫా ఫీటోప్రోటీన్ చాలా ఎక్కువగా ఉంది. ఈ వయసులో, ఈ చోట, ఇంత పెరుగుదల ఉంటే అది సెమినోమా కాని బీజకణ కణితి అయి ఉండే అవకాశం ఎక్కువ. వేగంగా పెరుగుతూ ఊపిరికి అడ్డం పడుతుంటే బయాప్సీ కోసం ఆగకుండా కీమోథెరపీ మొదలుపెట్టవచ్చు.

నీడ ఒకటే అయినా ముగ్గురి దారులు వేరయ్యాయి. దారిని నిర్ణయించింది సూది కాదు, సూదికి ముందు వేసుకున్న ప్రశ్నలు.

14.7 ఒక అపోహ

“గడ్డను సూదితో పొడిస్తే రేగుతుంది, ఒళ్లంతా పాకుతుంది” అన్న మాట నా బోధనాకాలమంతటా విద్యార్థుల నోట, వారి బంధువుల నోట వింటూనే వచ్చాను. మీ ఇంట్లోనూ విని ఉంటారు. సూది దారి వెంట కణితి కణాలు నాటుకోవడం జరగదని చెప్పలేం. అయితే అది చాలా అరుదు. మీసోథీలియోమాలో ఇతర కణితుల్లో కంటే కొంత ఎక్కువ కాబట్టి దారిని ముందుగానే ఆలోచించి ఎంచుకుంటారు. థైమోమా పొరను అనవసరంగా పొడవకపోవడానికి ఈ జాగ్రత్త కూడా ఒక కారణం.

భయంతో బయాప్సీ వాయిదా వేస్తే జరిగే నష్టం ఇంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. పేరు తెలియని వ్యాధికి తప్పు మందు వాడుతుండగా నెలలు గడిచిపోతాయి. లింఫోమాలు, బీజకణ కణితులు చాలావరకు మందులకు లొంగేవే. సకాలంలో పేరు తెలిస్తే వీరిలో ఎందరో పూర్తిగా కోలుకుంటారు. మీ ఇరుగుపొరుగులో ఎవరైనా ఈ భయంతో వెనకాడుతుంటే ఈ మాట వారికి చెప్పండి.

14.8 సారాంశం

ఛాతీలోని కణితి ఏ గదిలో ఉందో తెలిస్తే అది ఏమై ఉండవచ్చో ఊహించవచ్చు. బయాప్సీకి ముందు సి.టి., రక్తపరీక్షలు, మెడ కణుపుల పరీక్ష తప్పనిసరి. ముందు గదికి చర్మం గుండా కోర్ సూది, మధ్య గదికి ఈబస్, ప్లూరాకు థొరాకోస్కోపీ సాధారణంగా అనువైనవి. అరుదైన కణితుల్లో విడి కణాల కంటే కణాల అమరిక కనిపించే ముక్క అవసరం. క్రయోబయాప్సీ ఇందుకు తోడ్పడుతుంది. ముక్కను సరైన సీసాలో, సరైన వివరాలతో పంపాలి. నివేదికను రోగి పరిస్థితితో కలిపి చదవాలి.

14.9 పదకోశం

కణజాలం: ఒకే పని చేసే కణాల సముదాయం.
థైమస్: రొమ్ము ఎముక వెనుక ఉండే రోగనిరోధక గ్రంథి, బాల్యంలో పెద్దదిగా ఉండి వయసుతో కుంచించుకుపోతుంది.
లింఫోమా: లింఫ్ కణాల నుంచి పుట్టే క్యాన్సర్.
బీజకణ కణితి: పునరుత్పత్తి కణాలను పుట్టించే మూలకణాల నుంచి ఏర్పడే కణితి.
గ్రాన్యులోమా: రోగనిరోధక కణాలు గుమిగూడి ఏర్పడే చిన్న ముడి.
ప్లూరా: ఊపిరితిత్తులను, ఛాతీ గోడ లోపలి భాగాన్ని కప్పే పలుచని పొర.

14.10 ‘మీ ప్రగతిని సమీక్షించుకోండి’ – సమాధానాలు

1. థైమస్ కణితులు, లింఫోమాలు, బీజకణ కణితులు, థైరాయిడ్ వాపు.
2. ఆ వ్యాధి ఉన్నవారికి మత్తు ఇస్తే శ్వాస కండరాలు తిరిగి పనిచేయక అపాయం కలగవచ్చు కాబట్టి.
3. కోర్ సూది కణాల అమరిక చెదరని ముక్కను ఇస్తుంది; లింఫోమా రకాన్ని తేల్చడానికి ఆ అమరిక, తగినంత కణజాలం అవసరం.
4. క్షయ కల్చర్, ఫ్లో సైటోమెట్రీ చేయడం సాధ్యం కాదు; మళ్లీ బయాప్సీ చేయవలసి వస్తుంది.

14.11 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఛాతీలోని కణితులకు బయాప్సీ చేసే ముందు వేసుకోవలసిన నాలుగు ప్రశ్నలను ఉదాహరణలతో వివరించండి.
2. చర్మం గుండా చేసే కోర్ బయాప్సీని, ఈబస్ పద్ధతిని పోల్చండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. క్రయోబయాప్సీ సూత్రాన్ని తెలిపి, అరుదైన కణితుల్లో దాని ప్రయోజనాన్ని రాయండి.
2. గ్రాన్యులోమా కనిపించిన ప్రతి నివేదికనూ క్షయగా భావించవచ్చా? చర్చించండి.